పేరు కొట్టివేసిన చోటికే పిలుపు

(ప్రసంగ పాఠం)

చదువుకున్న విద్యాలయానికి పెద్దవాడై తిరిగి వచ్చి ఉపన్యసించడం ఏ దేశంలోనైనా ఒక వేడుక. అటువంటి సభల తీరు మనం ఎరిగినదే. ప్రార్థనగీతం, పూలమాల, శాలువ. పాత గురువుల స్మరణ. ‘ఆ కిటికీ ప్రక్కనే నేను కూర్చునేవాణ్ణి’ అన్న మాట. చివర ఒక జ్ఞాపిక. వచ్చిన అతిథి పట్టభద్రుడు, పదవిలో ఉన్నవాడు, విద్యాలయానికి పేరు తెచ్చినవాడు. విద్యాలయం అతనిని చూసి గర్విస్తుంది. అతడు విద్యాలయాన్ని తలచుకొని కృతజ్ఞత తెలుపుకుంటాడు. ఈ ఇచ్చిపుచ్చుకోవడంలో ఉభయులకూ లోటు లేదు.

ఈనాడు నేను చెప్పబోయే అతిథి అటువంటివాడు కాడు. ఒకే విద్యాలయం అతనిని ఒకసారి కాదు, రెండుసార్లు వెళ్ళగొట్టింది. పట్టా లేకుండానే అతడు లోకంలో పడ్డాడు. దాదాపు అర్ధశతాబ్దం గడిచిన తరువాత అదే విద్యాలయం అతనిని పిలిచి ఒక ఆచార్య పీఠం మీద కూర్చోబెట్టింది. ఆ పీఠం పేరు కవిత్వ పీఠం. వచ్చినవాడు కవిగా పేరుపొందినవాడు కాడు. ఇళ్ళను, గుమ్మటాలను గురించి జీవితమంతా ప్రయోగాలు చేసినవాడు. విద్యాలయం అమెరికాలోని హార్వర్డ్. వ్యక్తి రిచర్డ్ బక్‌మిన్‌స్టర్ ఫుల్లర్.

ఈ విషయాన్ని ఎన్నుకోవడానికి ఒక కారణం ఉన్నది. కిందటి నెలలో నేను చదివిన కళాశాలవారు పూర్వ విద్యార్థుల సభలో మాట్లాడవలసిందని నాకు ఉత్తరం వ్రాశారు. ఆ ఉత్తరం చదువుతుండగా నాకు మొదట గుర్తుకు వచ్చినది మా గురువులు కారు, నాకు వచ్చిన బహుమతులూ కావు. మా తరగతి పట్టికలో నుంచి పేరు కొట్టివేయబడిన ఒక విద్యార్థి గుర్తుకు వచ్చాడు. అతని సంగతి చివర మనవి చేస్తాను. ముందు ఫుల్లర్ సంగతి.

ఫుల్లర్ 1895 జూలై 12వ తేదీన మసాచుసెట్స్ రాష్ట్రంలో మిల్టన్ అనే ఊళ్ళో జన్మించాడు. పుట్టుకతోనే చూపు మందం. దగ్గరి వస్తువులు అతనికి రంగుల మసకగా తప్ప కనిపించేవి కావు. నాలుగేళ్ళ వయస్సులో కళ్ళజోడు పెట్టిన తరువాతనే మనుష్యుల కళ్ళు, చెట్ల ఆకులు విడివిడిగా చూడగలిగాడు. పసిపిల్లల బడిలో ఒకనాడు ఉపాధ్యాయిని పిల్లలకు పళ్ళు కుట్టుకొనే పుల్లలు, నానిన బఠాణీలు ఇచ్చి ఇల్లు కట్టమన్నది. చూపున్న పిల్లలు తాము చూసిన ఇళ్ళవలెనే నాలుగు పలకలుగా కట్టారు. ఫుల్లర్‌కు చూపు ఆధారం కాదు, స్పర్శ ఆధారం. ఏ అమరిక చేతికి గట్టిగా తగులుతున్నదో తడిమి చూసుకొని కట్టాడు. కట్టిన ప్రతిదీ త్రిభుజమే అయింది. ఈ కథను పెద్దవాడైన తరువాత తానే అనేక సభలలో చెప్పుకున్నాడు.

శ్రోతలు కావాలంటే ఇంట్లో ఇప్పుడే చేసి చూడవచ్చు. నాలుగు చీపురు పుల్లలు తీసుకొని మూలలు దారంతో కట్టి చతురస్రం చేయండి. ఒక మూల పట్టుకొని నొక్కితే అది ప్రక్కకు వాలిపోతుంది. ఇప్పుడు మూడు పుల్లలతో త్రిభుజం కట్టండి. నొక్కితే పుల్ల విరగవలసిందే గాని ఆకారం మారదు. ఈ రహస్యం మన వడ్రంగులకు తెలియనిది కాదు. తలుపు రెక్క కుంగిపోకుండా వెనుక ఏటవాలుగా ఒక బద్ద కొట్టడం ఇందుకే. ఆ ఒక్క బద్ద నాలుగు మూలల చట్రాన్ని రెండు త్రిభుజాలుగా మార్చుతున్నది. ఫుల్లర్ జీవితంలో కట్టినవన్నీ ఈ చిన్న సత్యం మీద కట్టినవే.

బాల్యంలో వేసవి సెలవులు మెయిన్ రాష్ట్రపు తీరాన బేర్ ఐలండ్ అనే చిన్న దీవిలో గడిచేవి. తెడ్లు వేసేవాడు పడవ నడిచే దిక్కుకు వీపు పెట్టి కూర్చోవాలి. ముందు ఏమున్నదో కనిపించదు. ఫుల్లర్ సముద్రంలోని జెల్లీ చేపను గమనించి, గడకర్ర చివర గొడుగు వలె మూసుకొని తెరుచుకొనే సాధనమొకటి అమర్చి, పడవ వెనుక నుంచి నీటిని నెట్టుతూ ముందుకు చూస్తూ పోయాడు. చేతితో చేసి తెలుసుకొనే బుద్ధి అతనికి అప్పటినుంచే ఉన్నది.

అతని వంశంలో పురుషులు తరతరాలుగా హార్వర్డులో చదివినవారు. తండ్రి 1910లో మరణించినా కుటుంబ సంప్రదాయం తప్పలేదు. 1913లో అతడూ అక్కడ చేరాడు. అక్కడి విద్యార్థి సంఘాలలో చోటు దొరకడమే ఆనాడు గొప్పతనానికి గుర్తు. తనతో వచ్చిన మిత్రులకు ఆ చోటు దొరికింది, అతనికి దొరకలేదు. మనస్సు విరిగింది. పరీక్షల సమయంలో చదువుకు ఉద్దేశించిన డబ్బు పట్టుకొని న్యూయార్కు నగరానికి పోయి, ఒక నాటకశాలలో నాట్యం చేసే బృందం మొత్తానికి విందు చేసి, ఉన్నదంతా ఖర్చు పెట్టాడు. విద్యాలయం అతనిని పంపివేసింది.

బంధువులు అతనిని కెనడాలో షెర్‌బ్రూక్ అనే ఊళ్ళో ఒక నూలు మిల్లుకు పంపించారు. శిక్షగా పంపిన చోటు అతనికి పాఠశాల అయింది. ఇంగ్లండు నుంచి, ఫ్రాన్సు నుంచి దిగిన యంత్రాలను అక్కడ బిగించవలసి వచ్చేది. విరిగిన భాగాలకు మారు భాగాలు ఆ ఊళ్ళోనే పోత పోయించి, తరిణె పట్టించి, సరిచేయవలసి వచ్చేది. ఏ భాగం ఎందుకు విరిగింది, ఏ లోహం ఎంత బరువు ఓర్చుకుంటుంది అన్న సంగతులను బొమ్మలతో సహా ఒక పుస్తకంలో వ్రాసుకోవడం అతడు అక్కడనే నేర్చుకున్నాడు. మిల్లులో మంచి పేరు తెచ్చుకున్న తరువాత హార్వర్డు మళ్ళీ చేర్చుకున్నది. 1915లో మళ్ళీ వెళ్ళగొట్టింది. ఈసారి కారణం చదువు మీద శ్రద్ధ లేకపోవడం. విద్యాలయం తప్పు చేసిందని చెప్పడానికి వీలు లేదు. నియమం ప్రకారం చేయవలసిందే చేసింది. మిల్లులో రాత్రింబగళ్ళు శ్రద్ధ చూపిన యువకుడు తరగతి గదిలో ఎందుకు శ్రద్ధ చూపలేదు అన్న ప్రశ్నకు మాత్రం నియమావళిలో చోటు ఉండదు.

మొదటి ప్రపంచయుద్ధంలో ఫుల్లర్ నౌకాదళంలో చేరాడు. నీళ్ళలో తలక్రిందులుగా పడిన విమానాలను తటాలున పైకి లేపి, లోపలి మనిషిని రక్షించే ఒక ఎత్తుడు సాధనాన్ని కల్పించాడు. 1917లో, తన పుట్టిన రోజునే, ఆన్ హ్యూలెట్ అనే ఆమెను వివాహమాడాడు. మొదటి కుమార్తె అలెగ్జాండ్రా 1918లో పుట్టి, జబ్బుల మీద జబ్బులు పడి, నాలుగో పుట్టిన రోజు రాకముందే 1922లో కన్నుమూసింది. గాలి వెలుతురు లేని ఇళ్ళు, తడిసిన గోడలు, చలి, ఇవే తన బిడ్డను బలిగొన్నాయని ఆ తండ్రి మనస్సులో నాటుకున్నది. ఇల్లు అనేది అతనికి ఆనాటినుంచి అలంకారం కాదు, ప్రాణానికి సంబంధించిన విషయం.

వాస్తుశిల్పి అయిన మామగారితో కలిసి తేలికపాటి ఇటుకల వ్యాపారం పెట్టాడు. అది నిలదొక్కుకోలేదు. 1927లో ఉద్యోగం పోయింది. ఆ ఏడే రెండవ కుమార్తె పుట్టింది. షికాగో నగరంలో మిషిగన్ సరస్సు ఒడ్డున నిలబడి ప్రాణం తీసుకోవాలని తలపోశానని, చివరకు తన జీవితాన్నే ఒక ప్రయోగంగా నడపాలని నిశ్చయించుకొని వెనుదిరిగానని ఆయన చెప్పేవారు. చరిత్రకారులు కొందరు ఈ కథను యథాతథంగా నమ్మరు. కథ సంగతి ఎట్లా ఉన్నా, ఆ తరువాతి ఏభై ఆరేళ్ళు ఆయన గడిపిన తీరు ఆ నిశ్చయానికి సాక్ష్యం.

ఆయన వేసిన మొదటి ప్రశ్న చిన్నపిల్లవాని ప్రశ్నవలె ఉంటుంది: మీ ఇల్లు ఎంత బరువు? ఓడ కట్టేవాడిని అడిగితే ఓడ బరువు చెప్తాడు. విమానం చేసేవాడు పౌనులతో సహా చెప్తాడు. ఇల్లు కట్టేవాడు మాత్రం ఆ లెక్క ఎన్నడూ వేసి ఉండడు. బరువు తెలియనివాడు ద్రవ్యం ఎంత వ్యర్థం చేస్తున్నాడో తెలుసుకోలేడని ఫుల్లర్ వాదం. బిజాపూరు గోల్ గుంబజ్ చూసినవారికి ఆ గోడల మందం గుర్తుండే ఉంటుంది. సుమారు పది అడుగులు. పైనున్న బరువును మోయడానికి క్రింద బరువు, ఆ బరువును మోయడానికి మరింత బరువు. వేల ఏళ్ళుగా మనుష్యులు నమ్మిన పద్ధతి అది.

ఫుల్లర్ ఆలోచించిన ఇల్లు మన పల్లెటూరివారికి అంత వింతగా తోచదు. మధ్య ఒక నిట్రాడు. దాని చుట్టూ ఇల్లు. ఉత్తర కోస్తాలో చుట్టిళ్ళు చూసినవారు పోల్చుకోగలరు. భేదం ఏమంటే మన ఇంట్లో వాసాల బరువు గోడల మీద, నిట్రాడు మీద ఆనుతుంది. ఫుల్లర్ ఇల్లు మధ్యస్తంభం నుంచి లోహపు తాళ్ళతో వ్రేలాడుతుంది. 1929లో దాని నమూనాను షికాగోలో ఒక పెద్ద దుకాణంలో ప్రదర్శించారు. ‘డైమాక్సియన్’ అనే పేరు ఆ సందర్భంలోనే పుట్టింది. 1933లో అదే పేరుతో మూడు చక్రాల కారు తయారైంది. చేప ఆకారం, ఇరవై అడుగుల పొడవు, పదకొండు మందికి చోటు. ఆ ఏడే ఒక కారు ప్రమాదానికి గురై నడిపేవాడు మరణించాడు. మూడు కార్లతో ఆ ప్రయత్నం ముగిసింది.

రెండవ యుద్ధం ముగిసిన తరువాత కాన్సాస్ రాష్ట్రంలోని విచిటా నగరంలో ఒక విమానాల కర్మాగారం ఆయన ఇంటిని తయారు చేయడానికి ముందుకు వచ్చింది. అల్యూమినియంతో గుండ్రని ఇల్లు. బరువు సుమారు 3 టన్నులు. కావాలంటూ వేలకొలది ఉత్తరాలు వచ్చాయి. అయినా ఇంకా సవరించవలసినవి ఉన్నాయని ఫుల్లర్ పట్టుపట్టారు. పెట్టుబడిదారులు ఓపిక పట్టలేదు. నమూనాలు రెండింటితో ఆ పని ఆగిపోయింది. వాటి భాగాలతో నిలబెట్టిన ఇల్లు ఇప్పుడు డియర్‌బోర్న్‌లోని హెన్రీ ఫోర్డ్ ప్రదర్శనశాలలో ఉన్నది. ఏభై ఏళ్ళు నిండిన మనిషి చేతిలో అప్పటికి మిగిలినవి ఇల్లు కాని ఇల్లు, మూడు కార్లు, ఒక ప్రపంచ పటం, కొన్ని అప్పులు.

ఆయనకు అసలు పేరు తెచ్చిన గుమ్మటం కూడా ఓటమితోనే ఆరంభమైంది. 1948 వేసవిలో నార్త్ కరోలినాలోని బ్లాక్ మౌంటెన్ కళాశాలలో పాఠాలు చెప్పడానికి వెళ్ళారు. కిటికీల తెరలకు వాడే పల్చని లోహపు బద్దలతో ఒక పెద్ద గుమ్మటం కట్టాలని విద్యార్థులతో కలిసి పూనుకున్నారు. అందరూ చూస్తుండగా బద్దలు బిగించారు. గుమ్మటం లేవలేదు, నేలమీదనే చతికిలబడింది. చూడవచ్చినవారు నవ్వారు, పడుకున్న గుమ్మటం అని పేరు పెట్టారు. ఫుల్లర్ చిన్నబుచ్చుకోలేదు. ఎక్కడ బలం చాలలేదో తెలిసింది గదా అన్నట్లు మరునాటి పనిలో పడ్డారు. 1949లో అక్కడే మరొక గుమ్మటం కట్టారు. అది నిలబడింది. విద్యార్థులు దాని చువ్వలు పట్టుకొని కోతులవలె వ్రేలాడారు, అది చలించలేదు. వెళ్ళగొట్టబడిన విద్యార్థి అధ్యాపకుడైనప్పుడు, శిష్యుల ఎదుట తాను ఓడిపోవడానికి సంకోచించలేదన్నది ఇక్కడ గమనించవలసిన సంగతి.

ఈ గుమ్మటానికి జియోడెసిక్ గుమ్మటమని పేరు. గోళాకారాన్ని చిన్నచిన్న త్రిభుజాలుగా విభజించి, సన్నని చువ్వలతో అల్లుతారు. ఒకచోట పడిన బరువు అన్ని వైపులకూ పంచుకొనిపోతుంది. పెళ్ళివారింటి పని పదిమంది చేతులమీదుగా సాగినట్లు ఎవరికీ భారం తెలియదు. గోళానికి మరొక గుణమున్నది. అడ్డుకొలత రెట్టింపయితే పైకప్పు నాలుగింతలవుతుంది. లోపలి చోటు ఎనిమిదింతలవుతుంది. పెద్దది కట్టినకొద్దీ, కప్పుకు పెట్టిన ద్రవ్యానికి దక్కే చోటు పెరుగుతూ పోతుంది. న్యాయం కోసం ఒక మాట చెప్పాలి. జర్మనీలోని యేనా నగరంలో వాల్టర్ బావర్స్‌ఫెల్డ్ అనే ఇంజనీరు నక్షత్రశాల కోసం 1920ల ఆరంభంలోనే ఇటువంటి గుమ్మటం కట్టారు. దానిని శాస్త్రంగా విస్తరించి, 1954లో పేటెంటు పొంది, లోకమంతటా వ్యాపింపజేసినవారు ఫుల్లర్.

1953లో ఫోర్డ్ సంస్థ తన ఏభై ఏళ్ళ పండుగకు, డియర్‌బోర్న్‌లోని రొటుండా అనే గుండ్రని భవనపు నడిమి ప్రాంగణానికి కప్పు వేయాలనుకున్నది. ప్రాంగణం వెడల్పు 93 అడుగులు. మామూలు ఉక్కు గుమ్మటం వేస్తే 160 టన్నుల బరువు. ఆ గోడలు ఓర్చుకోలేవు. ఫుల్లర్ వేసిన అల్యూమినియం గుమ్మటం బరువు ఎనిమిదిన్నర టన్నులు. మీ ఇల్లు ఎంత బరువు అన్న పాత ప్రశ్నను నవ్వులాటగా తీసుకున్నవారు అప్పటినుంచి తీసుకోలేదు.

1956లో కాబూలులో జరిగిన అంతర్జాతీయ ప్రదర్శనలో అమెరికా మండపం కోసం నూరడుగుల గుమ్మటం కావలసి వచ్చింది. సామగ్రి అంతా విమానంలో దిగింది. కట్టినవారు అటువంటిది ఎన్నడూ చూడని ఆఫ్ఘన్ కూలీలు. చువ్వల కొసలకు రంగులు వేశారు. ఎరుపును ఎరుపుతో, నీలాన్ని నీలంతో కలిపి బిగించడమే పని. రెండు రోజులలో గుమ్మటం నిలిచింది. అక్షరం రానివాడు కూడా ఆ కట్టడాన్ని చదువగలిగాడు. పట్టా లేని మనిషి కల్పించిన నిర్మాణం పట్టా అవసరం లేని చేతులతో లేచిందని చెప్పుకోవచ్చు.

ఇక హార్వర్డు సంగతి. అక్కడ 1925లో స్థాపించిన చార్లెస్ ఎలియట్ నార్టన్ కవిత్వ పీఠం ఒకటి ఉన్నది. కవిత్వమన్న మాటను స్థాపకులు విశాలార్థంలో గ్రహించారు. సంగీతం, చిత్రకళ, వాస్తుశిల్పం కూడా అందులో చేరుతాయి. ఆంగ్ల కవి ఎలియట్, రష్యను సంగీతకారుడు స్ట్రావిన్‌స్కీ ఆ పీఠాన్ని అలంకరించినవారే. 1961-62 విద్యాసంవత్సరానికి ముగ్గురు నిర్మాతలను కలిపి పిలిచారు. ఒకరు సిమెంటు కాంక్రీటుతో రోము నగరంలో క్రీడాశాలలు కట్టిన ఇటలీ ఇంజనీరు పియెర్ లుయీజి నెర్వీ. రెండవవారు మెక్సికోలో కోడిగుడ్డు పెంకువంటి పల్చని కప్పులు వేసిన ఫెలిక్స్ కాండేలా. మూడవవారు బక్‌మిన్‌స్టర్ ఫుల్లర్.

ఇళ్ళ కప్పులు వేసేవారికి కవిత్వ పీఠమేమిటని శ్రోతలు అడగవచ్చు. మన పద్యం సంగతే ఆలోచించండి. ఆటవెలది నాలుగు పాదాలు. చివరి పాదం మకుటానికి పోగా వేమనకు మిగిలినవి మూడు పాదాలు. అందులోనే ఒక జీవితానుభవం ఇమిడిపోవాలి. ఒక్క మాట ఎక్కువైతే పద్యం బరువెక్కుతుంది. ఒక్క మాట తక్కువైతే కూలిపోతుంది. తక్కువ మాటలతో ఎక్కువ అర్థాన్ని మోయించేవాడు కవి. తక్కువ ద్రవ్యంతో ఎక్కువ చోటును కప్పేవాడు ఫుల్లర్. హార్వర్డు పండితులు ఏమనుకొని పిలిచినా, ఆ పిలుపులో ఈ ఔచిత్యం ఉన్నది.

అరవై ఆరేళ్ళ వయస్సు, పొట్టి విగ్రహం, దట్టమైన కళ్ళద్దాలు. ఎక్కడ మాట్లాడినా చేతిలో కాగితం ఉండేది కాదు. ముందుగా వ్రాసుకొని చదవడం ఆయనకు గిట్టదు. సభలో నిలబడి బిగ్గరగా ఆలోచించడమే ఆయన ఉపన్యాసం. గంటల తరబడి సాగేది. 1975లో తనకు తెలిసినదంతా చెప్తానని మొదలు పెట్టి, అనేక దినాలలో మొత్తం 42 గంటలు మాట్లాడారు. వాక్యాలు పొడవు, మాటలు కొన్ని సొంత కల్పన. సూర్యుడు ఉదయిస్తున్నాడనీ అస్తమిస్తున్నాడనీ అనడం ఆయనకు నచ్చదు. తిరుగుతున్నది భూమి అయినప్పుడు మన భాష ఇంకా అబద్ధమాడుతున్నదని ఆయన ఫిర్యాదు. వినేవారిలో కొందరికి తల తిరిగేది. కొందరికి జీవితమే తిరిగేది.

పాత విద్యాలయంపై ఆయనకు కసి లేదు. రెండుసార్లు వెళ్ళగొట్టబడిన సంగతిని దాచుకోలేదు. నవ్వుతూ తానే చెప్పుకునేవారు. విద్యాలయమూ పాత పద్దులు తిరగవేయలేదు. 1917లో పట్టాలు పుచ్చుకొన్నవారి తరగతి ఆయనది. ఆ తరగతివారు 1967లో ఏభై ఏళ్ళ పండుగ చేసుకున్నప్పుడు, ఉత్తమ విద్యార్థులకు ఇచ్చే ఫై బీటా కప్పా సభ్యత్వాన్ని గౌరవపూర్వకంగా ఆయనకు ఇచ్చారు. పరీక్షనాడు నాటకశాలలో గడిపిన విద్యార్థికి శ్రద్ధావంతులలో స్థానం లభించింది. ఆ ఏడే కెనడాలోని మాంట్రియల్ ప్రపంచ ప్రదర్శనలో 250 అడుగుల వెడల్పున ఆయన గుమ్మటం లేచింది. 1968లో బ్రిటిషు వాస్తుశిల్పుల సంస్థ, 1970లో అమెరికా వాస్తుశిల్పుల సంస్థ బంగారు పతకాలు ఇచ్చాయి.

మన దేశానికీ ఆయన వచ్చారు. 1969లో ఢిల్లీలో నెహ్రూ స్మారకోపన్యాసం ఇచ్చారు. భూమిని ఒక ఓడవలె భావించి, అందులోని సరుకును అందరికీ సరిపోయేటట్లు వాడుకోవాలన్నది ఆయన తరచు చెప్పే మాట. అహమదాబాదులో గౌతమ్ సారాభాయి, గీరా సారాభాయి ఆయన పద్ధతిని అనుసరించి 1962లో కాలికో మిల్లు దుకాణానికి ఒక గుమ్మటం కట్టారు. అది తరువాతి కాలంలో కూలిపోయింది.

కూలిపోయిన సంగతి చెప్పాను గనుక దోషాలు కూడా చెప్పాలి. ఈ గుమ్మటాలకు అతుకులు ఎక్కువ. అతుకులున్న చోట వాన కారుతుంది. గుండ్రని గోడకు బీరువా ఆనదు, మంచం ఆనదు. ఫోర్డ్ రొటుండా 1962లో, కప్పు మరమ్మతు జరుగుతుండగా నిప్పంటుకొని కాలిపోయింది. మాంట్రియల్ గుమ్మటపు పైపొర 1976లో మంటలకు ఆహుతి అయింది. మిగిలిన ఉక్కు అల్లిక మాత్రం నిలబడి, 1995 నుంచి పర్యావరణ ప్రదర్శనశాలగా ఉపయోగపడుతున్నది. బేటన్ రూజ్‌లో 1958లో లేచిన 384 అడుగుల గుమ్మటాన్ని 2007లో పడగొట్టారు. మరొక దోషం కట్టడాలది కాదు, మనిషిది. శిష్యుల కల్పనకు కూడా తన పేరే ముందు వినిపించేటట్లు చేశారన్న ఆరోపణ ఉన్నది. తీగలమీద చువ్వలు తేలినట్లు నిలిచే ఒక అపూర్వ నిర్మాణానికి తొలి రూపమిచ్చినవాడు బ్లాక్ మౌంటెన్ విద్యార్థి కెనెత్ స్నెల్సన్. గురువుగారి మీద ఆయనకు ఆ బాధ చాలాకాలం ఉండిపోయింది. పేరు కొట్టివేయబడటమంటే ఏమిటో ఎరిగిన మనిషి, శిష్యుని పేరు విషయంలో మరికొంత జాగ్రత్త చూపవలసింది.

ఫుల్లర్ 1983 జూలై 1వ తేదీన, ఆసుపత్రిలో ఉన్న భార్యను చూడబోయి అక్కడే గుండె ఆగి మరణించారు. ముప్ఫై ఆరు గంటల తరువాత ఆమె కూడా వెళ్ళిపోయింది. ఇద్దరి సమాధి హార్వర్డు ఉన్న కేంబ్రిడ్జి పట్టణంలోనే, మౌంట్ ఆబర్న్ శ్మశానంలో ఉన్నది. పెద్ద ఓడకు చుక్కాని ఉంటుంది. ఆ చుక్కాని అంచున ఒక చిన్న రెక్క ఉంటుంది. చిన్న రెక్కను తిప్పితే చుక్కాని తిరుగుతుంది, చుక్కానితో ఓడ తిరుగుతుంది. తనను ఆ చిన్న రెక్క పేరుతో పిలవమని సమాధి రాతి మీద చెక్కి ఉన్నది. రెండేళ్ళ తరువాత, 1985లో, అరవై కార్బన్ పరమాణువులు బంతివలె అల్లుకొన్న ఒక అణువును శాస్త్రజ్ఞులు కనుగొన్నారు. దాని ఆకారం ఆయన గుమ్మటాన్ని తలపించింది. ఆయన పేరే పెట్టారు. కనుగొన్న క్రోటో, కర్ల్, స్మాలీలకు 1996లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఈ కథ విని, వెళ్ళగొట్టబడినవారే గొప్పవారవుతారని ఎవరూ అనుకోకూడదు. అది యువకులకు చెప్పదగిన నీతి కాదు, నిజమూ కాదు. హార్వర్డులో తరతరాలుగా చదివిన వంశం ఫుల్లర్‌ది. మొదటిసారి వెళ్ళగొట్టినప్పుడు మిల్లులో చేర్పించడానికి బంధువులు ఉన్నారు. తిరిగి చేర్చుకోవడానికి విద్యాలయం సిద్ధపడింది. వ్యాపారానికి మామగారు తోడు వచ్చారు. పడినవాడు లేవడానికి ఇన్ని చేతులు కావలసి వచ్చాయి. ఈ చేతులు లేనివారి సంగతి ఏమిటి?

ఇప్పుడు మా తరగతి విద్యార్థి సంగతి. అతడు చీపురు పుల్లలు, సైకిలు ట్యూబు ముక్కలు తీసుకొని వంతెనల నమూనాలు కట్టేవాడు. వసతిగృహంలో అతని మంచం క్రింద అవే ఉండేవి. ఒకనాడు ఒక మూరెడు వంతెన మీద నా నిఘంటువు పెట్టి చూపించాడు, వంగలేదు. తండ్రి మంచాన పడ్డాడు. రాత్రిళ్ళు ఒక అచ్చాఫీసులో పనిచేసి ఇంటికి డబ్బు పంపేవాడు. పగలు తరగతులకు రాలేకపోయేవాడు. హాజరు చాలలేదని మూడవ సంవత్సరంలో అతని పేరు కొట్టివేశారు. నియమం ప్రకారం అది సరియైనదే. హాజరు పట్టీని అధ్యాపకుల గదికి మోసుకొనిపోయే విద్యార్థిని ఆ ఏడు నేనే. అతడు ఎందుకు రావడం లేదో ఆ గదిలో ఎవరికీ తెలియదు, నాకు తెలుసు. ఎవరూ అడగలేదు, నేను చెప్పలేదు. చెప్తే ఫలితం ఉండేదో లేదో ఎవరూ చెప్పలేరు. చెప్పలేదన్నది మాత్రం పాతికేళ్ళుగా నాతో ఉన్నది.

కళాశాలవారికి నిన్న జవాబు వ్రాశాను. తప్పక వస్తానన్నాను. ఒక చిన్న మనవి కూడా చేశాను. పూర్వ విద్యార్థుల పట్టిక తయారు చేసేటప్పుడు పట్టా పుచ్చుకొన్నవారి పేర్లతో పాటు, మధ్యలో ఆగిపోయినవారి పేర్లు కూడా పాత పుస్తకాలు చూసి వ్రాయవలసిందని; చిరునామా దొరికిన ప్రతివారికీ అదే ఆహ్వానం, అదే కాగితం మీద పంపవలసిందని. వారూ ఆ మెట్లు ఎక్కినవారే గదా.

హార్వర్డు వెళ్ళగొట్టిన విద్యార్థి కోసం గోల చేసి చెప్పడానికి లోకమంతటా గుమ్మటాలు ఉన్నాయి. మావాడి కోసం చెప్పడానికి ఒక మూరెడు చీపురు పుల్లల వంతెన ఉన్నది. దానిని చూసినవాణ్ణి నేనొక్కడినే. అతడు ఈ వేళ ఏ ఊళ్ళోనో రేడియో దగ్గర ఉంటే, సభ వచ్చే నెల రెండవ ఆదివారం ఉదయం పది గంటలకు. వంతెన నా నిఘంటువును మోసిందని ఆ సభలో చెప్పబోతున్నాను. అతడు వచ్చి చెప్తే మరింత బాగుంటుంది.